సెప్టెంబర్‌లో తప్పిన పరీక్ష

ఒరెస్ట్ డానిలుక్ తన తల గురించి ఏనాడూ గొప్పలు చెప్పుకోలేదు. మంచు మీద హాకీ ఆడి పొట్టపోసుకునేవాడు, అందులోనూ ఎదుటివాణ్ణి అంచుగోడకేసి అదమడమే తన వాటా పనిగా ఉన్నవాడు, తల గురించి గొప్పలకు పోతే వినేవాళ్ళు నవ్వుతారు. వాళ్ళకంటే ముందు తనే నవ్వేస్తే గొడవే లేదని అతని సిద్ధాంతం. "లోపలంతా ఖాళీయేగా, దెబ్బ తగలడానికి అక్కడేముందని?" అంటూ హెల్మెట్ మీద వేళ్ళతో డప్పు కొట్టి చూపించేవాడు. హార్న్‌బీ ఊళ్ళో ఆ మాటకి నవ్వని మనిషి ఒక్క లోర్నాయే. ఆవిడ అతని భార్య. ఆ తలతో కాపురం చెయ్యాల్సింది ఆవిడే మరి.

గురువారం జరిగిన ఫైనల్ పోటీల ఆరో ఆటలో ఆ ఖాళీ తలకే గట్టి దెబ్బ తగిలింది. మూలలో, మంచు హాకీలో బంతికి బదులు వాడే బిళ్ళ కోసం వంగి ఉండగా అవతలి జట్టువాడొకడు దున్నలా వచ్చి భుజంతో గుద్దాడు. జట్టంతా డాని అని పిలుచుకునే మన వీరుడు వెంటనే లేచాడు. పెళ్ళికొడుకంత హుందాగా జారుకుంటూ వెళ్ళి బెంచీ మీద కూర్చుని, పక్కవాణ్ణి మంచినీళ్ళడిగాడు. వాడిచ్చాడు కూడా. తాగి, సీసా తిరిగి ఇస్తుంటే చొక్కా రంగు చూసి తెలిసింది, అది అవతలి జట్టు బెంచీ అని.

శుక్రవారమంతా ఈ కథని అతనే ఊరంతా చెప్పుకు తిరిగాడు. చెప్పిన ప్రతిసారీ కాస్త ఉప్పూకారం చేరేది. కాఫీ కొట్టుకు చేరేసరికి, అవతలి కోచ్ తనని వాళ్ళ తరఫున ఆటలోకి దింపబోయాడనీ, ఇంకొక్క క్షణం ఆగితే సొంత జట్టు మీదే గోల్ కొట్టి ఉండేవాణ్ణనీ అనేశాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. వాళ్ళు నవ్వుతున్నంతసేపూ తలనొప్పి కొంచెం తగ్గినట్టే ఉండేది.

శనివారం సాయంత్రం ఏడో ఆట. రెండు జట్లూ చెరి మూడు గెలిచాయి, ఇది గెలిచినవాళ్ళదే కప్పు. డానికి ముప్పయ్యారేళ్ళు. హాకీలో అది తాతల వయసు. వచ్చే ఏడు తనకి ఏ జట్టూ ఫోన్ చెయ్యదని అతనికి బాగా తెలుసు. అందుకే ఈ ఒక్క ఆట, సొంత ఊళ్ళో, తనని పేరు పెట్టి తిట్టే సొంత జనం ముందు ఆడి పోవాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది. అడ్డం ఒక్కటే, డాక్టర్ మెర్లీన్ పెల్టియర్ పెట్టే తల పరీక్ష.

ఆ పరీక్ష లీగు పెట్టిన కొత్త నిబంధన. సీజన్ మొదట్లో, సెప్టెంబర్‌లో, ప్రతి ఆటగాడికీ జ్ఞాపకశక్తీ నిలకడా పరీక్షించి మార్కులు రాసి ఉంచుతారు. మధ్యలో ఎవడి తలకైనా దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. సెప్టెంబర్ మార్కులు వస్తేనే ఆట, తగ్గితే ఇల్లు. తలలు కాపాడటానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదనుకున్నారు పెద్దలు. వాళ్ళు ఉపాయం ఆలోచిస్తే ఆటగాళ్ళు అపాయం ఆలోచించారు. "సెప్టెంబర్‌లో తెలివి చూపించినవాడు ఏప్రిల్‌లో గ్యాలరీలో కూర్చుంటాడు" అనేది బట్టలు మార్చుకునే గదిలో తాతముత్తాతల నాటి సామెతలా అయి కూర్చుంది. అందరూ సెప్టెంబర్‌లో కావాలనే మొద్దుల్లా జవాబులిచ్చేవారు. అందులో డానిని మించిన మొద్దు లేడు.

శనివారం మధ్యాహ్నం బయల్దేరుతుంటే లోర్నా వంటింట్లోంచి చెప్పింది. "చర్చి ఆడవాళ్ళకి బంగాళాదుంప కూరిన పెరోగీలు చేసిపెట్టమని చెప్పాను. ఆటయ్యాక మీవాళ్ళంతా మనింటికేగా తిండికి వచ్చేది. వెళ్తూ వెళ్తూ తీసుకో."

"అలాగేలే."

బూట్లు వేసుకుంటుంటే గుమ్మం దగ్గరికి వచ్చి మళ్ళీ చెప్పింది. కారు ఎక్కాక కిటికీలోంచి అరిచి ఇంకోసారి చెప్పింది. అతను చెయ్యి ఊపాడు. చర్చి ముందునుంచే ఈలపాట పాడుకుంటూ నేరుగా ఆటస్థలానికి వచ్చేశాడు.

నడవలో కెప్టెన్ టర్కోట్ ఎదురొచ్చి వీపు మీద చరిచాడు. "ఒరేయ్ డానీ, ఇంకా దిగులేంట్రా? నీ సెప్టెంబర్ మార్కులు మా ఇంటి కుక్కకి కూడా వస్తాయి!"

"మీ కుక్కని నాతో పోల్చకు. దాన్ని మర్యాదగా పెంచావు" అన్నాడు డాని.

డాక్టర్ పెల్టియర్ గదిలో దీపం చిన్నగా వెలుగుతోంది. ఆవిడ యాభయ్యేళ్ళ మనిషి. ఈ పరీక్ష కోసం మేనేజర్లతో ఎన్నిసార్లు పోట్లాడిందో జట్టంతటికీ తెలుసు.

"అయిదు మాటలు చెప్తాను. కాసేపాగి అడుగుతాను. దువ్వెన, బకెట్, చీమ, నిచ్చెన, రొట్టె."

"ఇంతేనా డాక్టరమ్మా? మా ఆవిడ చెప్పే సామాన్ల జాబితా ఇంతకు పదింతలుంటుంది."

ఆవిడ నవ్వి, నెలలు వెనక నుంచి చెప్పమంది. డిసెంబర్, నవంబర్, అక్టోబర్, సెప్టెంబర్, ఆగస్టు అన్నాడు. తర్వాతి నెల కోసం వెతికితే, కాలు చాపిన చోట మెట్టు లేనట్టయింది. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంటే కొంగకి కూడా నవ్వొచ్చేలా తూలాడు. చివర్లో ఆ అయిదు మాటలూ అడిగింది.

"దువ్వెన... నిచ్చెన... రొట్టె."

మిగతా రెండిటి కోసం వెతికాడు. జేబులో చెయ్యి పెడితే జేబే లేనట్టుంది.

ఆవిడ పాత కాగితం తీసి పక్కన పెట్టుకుని చూసింది. "సెప్టెంబర్‌లోనూ మూడే. నెలలు అప్పుడూ ఆగస్టు దగ్గరే ఆగాయి. తూలడం కూడా అంతే. అచ్చు సరిపోయింది డానీ. తలనొప్పీ గిలనొప్పీ ఏమీ లేదన్నావు కాబట్టి, వెళ్ళి ఆడుకో."

ఎగిరి గంతెయ్యాల్సినవాడు కుర్చీలోంచి లేవలేదు. సెప్టెంబర్‌లో ఆగస్టు దగ్గర ఆగింది నటన. తూలింది నటన, అదీ అద్దం ముందు సాధన చేసిన నటన. ఇవాళ నటించాల్సిన అవసరమే లేదనుకుని, ఎందుకైనా మంచిదని, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉన్న తెలివంతా పెట్టి జవాబులిచ్చాడు. అంతా పెడితే, వేషం కట్టిన మొద్దుకి ఎన్ని వచ్చాయో అన్నే వచ్చాయి.

"డాక్టరమ్మా, సెప్టెంబర్‌లో నేను నటించాను."

ఆవిడ ఫక్కున నవ్వింది. "నువ్వు నటించని రోజుంటే చెప్పు, కేలండర్‌లో రాసుకుంటాను. పో, స్కేట్లు కట్టుకో."

నాన్నా పులి కథలో పిల్లాడికి పట్టిన గతే తనకీ పట్టిందనుకున్నాడు డాని. అయినా తన తప్పేముంది? నిజం చెప్పాడు, ఆవిడ నమ్మలేదు. తలుపు తీసే ఉంది, బయట జనం అప్పుడే డప్పులు మోగిస్తున్నారు. ఇంతకంటే మంచి సాకు దేవుడు కూడా ఇవ్వలేడు. లేచి తలుపు దాకా వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ ఆ రెండు మాటల కోసం ఇంకోసారి వెతికాడు. లేవు. తలుపు తనే మూసి వెనక్కి తిరిగాడు.

"గొడుగు, చెంచా, గుర్రం, సబ్బు, కిటికీ."

"ఏంటవి?"

"మీ దగ్గరున్న పాత కాగితం చూడండి."

చూసింది. ఆవిడ మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. "సబ్బు, కిటికీ నువ్వు అప్పుడు చెప్పలేదు."

"చెప్పకూడదని గట్టిగా బట్టీ పట్టాను కదా. అందుకే ఇప్పటికీ పోలేదు."

"మరి ఇవాళ్టివి? ఆ మిగతా రెండూ?"

"ఇవాళ ఏవీ దాచలేదు డాక్టరమ్మా. నిజంగానే లేవు."

ఆవిడ కలం కింద పెట్టింది. బట్టలు మార్చుకునే గదిలోంచి టర్కోట్ పాట, దానికి ఇరవై గొంతుల వంత వినిపిస్తోంది. ఆవిడ అటు చూసి నెమ్మదిగా అడిగింది. "ఇంకా ఎంతమంది?"

"పేర్లు చెప్పను. కానీ నిజంగా అంత తెలివితక్కువవాళ్ళమే అయితే, బస్సు దిగి ఆటస్థలం దాకా ఎలా నడిచి వస్తున్నామో ఒక్కసారైనా ఆలోచించారా?"

దానికి ఇద్దరూ నవ్వలేదు. వచ్చే సెప్టెంబర్‌లో ప్రతివాణ్ణీ రెండుసార్లు, వేరే వేరే రోజుల్లో, వేరే ఊరి డాక్టర్‌తో పరీక్ష చేయిస్తానని ఆవిడ అంది. తర్వాత కోచ్‌ని పిలిచి, డానిలుక్ ఇవాళ ఆడడని ఒక్క ముక్కలో చెప్పేసింది. కోచ్ ఎర్రగా చూసి, నోటికొచ్చింది తిట్టి వెళ్ళిపోయాడు. టర్కోట్ అసలు మొహమే చూపించలేదు. పరువు పోయినవాడికి ఇంకో తిట్టు లెక్కేమిటని డాని కోటు వేసుకుని, టై కట్టుకుని మెట్లెక్కాడు. ఆ టై ముడి కూడా రెండో ప్రయత్నానికి పడింది.

పై వరసలో లోర్నా అతని నంబరున్న చొక్కా వేసుకుని కూర్చుంది. అతన్ని చూసి లేచి నిలబడింది.

"నువ్విక్కడేంటి? పరీక్ష తప్పావా?"

"పాసయ్యాను" అని పక్కన కూర్చున్నాడు. "పాసయ్యానని డాక్టరమ్మ చెప్పినందుకే భయమేసి, నిజం చెప్పేసి వచ్చాను."

ఆవిడ కూడా కూర్చుని అతని కోటు కాలరు సరిచేసింది. తర్వాత, మాట మార్చడానికే కాబోలు, "సరేలే. పెరోగీలు కారులోనే ఉన్నాయా? చలికి గడ్డకట్టి ఉంటాయి" అంది.

"ఏ పెరోగీలు?"

"ఒరెస్ట్, మూడుసార్లు చెప్పాను. కిటికీలోంచి అరిచాను కూడా. చెయ్యి ఊపావు."

ఖాళీ తల జోకు నాలిక చివరిదాకా వచ్చింది. అన్నేళ్ళూ ఊరంతటినీ నవ్వించిన జోకు అది. అది అనడానికి నోరు తెరిచాడు గానీ బయటికి వేరే మాట వచ్చింది.

"గుర్తులేదు లోర్నా. నువ్వు చెప్పడమే గుర్తులేదు. నాకు భయంగా ఉంది."

ఆవిడ ఉన్ని చేతితొడుగు తీసేసి, ఒట్టి చెయ్యి అతని తల వెనక పెట్టింది. కింద బిళ్ళ వేశారు, ఆట మొదలైంది, జనం లేచి అరిచారు. ఆవిడ చెయ్యి తియ్యలేదు.