కట్ట కింద ఊట

కట్ట అడుగున ఊట పుట్టిందని తెల్లారగానే కబురొచ్చింది. వాగు పొంగినప్పుడు కింది వీధి మునగకుండా పోసిన చిన్న మట్టికట్ట అది. ఇన్నేళ్లూ దాని మీద మేకల్ని మేపాం, బట్టలారేసుకున్నాం. అది ఎందుకుందో కూడా మర్చిపోయాం. ఇవాళ మాత్రం అందరం దానికి దణ్ణాలు పెడుతున్నాం.

మేస్త్రీ నన్ను ఊట దగ్గర, మెరకకి ఆనుకుని కూర్చోబెట్టాడు.

"తేటనీళ్లు వచ్చినంతసేపూ భయం లేదమ్మా. బురదగా మారాయంటే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే. వెంటనే కేకెయ్యి, అందరం దిగిపోతాం."

పైన, నీటివైపు కట్టలోకి నీళ్లు దూరి సుడి తిరుగుతున్న చోట ఆరుగురు ఇసుక బస్తాలు వేస్తున్నారు. వాళ్లలో మా తమ్ముడొకడు. అమ్మ పోయాక నా చంకలోనే పెరిగాడు. ఈత రాదు, భయపడి నేనే నేర్చుకోనివ్వలేదు.

మా ఆయన ఆటోలో వీధిని ఖాళీ చేయిస్తున్నాడు. మంచాన పడ్డ మా అత్తగారు కదలనని భీష్మించిందట. నాయనమ్మని వదిలి రామని పిల్లలిద్దరూ మంచంకోడు పట్టుకుని కూర్చున్నారట. వినగానే ఏడుపొచ్చింది, ఒళ్లూ మండింది. నా మొండితనం వాళ్లకి రాక ఎవరికొస్తుంది?

నీళ్లు దోసిట పట్టి చూస్తూనే ఉన్నాను. ఒకసారి పట్టేసరికి అరచేతి గీతలు కనిపించలేదు. బురద.

నోరు తెరిచాను. కేకేస్తే పైవాళ్లు దిగిపోతారు. బస్తాలు ఆగితే కట్ట నిలవదు. పిల్లలింకా ఇంట్లోనే ఉన్నారు. నోరు మూసుకున్నాను.

"అక్కా, నీళ్లెలా ఉన్నాయి?" తమ్ముడు పైనుంచి అరిచాడు.

"తేటగానే ఉన్నాయిరా!"

"మరి ఆముదం తాగినట్టు ఆ మొహమేంటి?" అని నవ్వి, బస్తా భుజానికెత్తుకున్నాడు.

నాకు చచ్చిపోవాలనిపించింది. ఎటు చూసినా నావాళ్లే. వేలి లావున వచ్చే ఊట పిడికిలి లావయింది. దేవుడా, ఆ ఆటో రానీ, ఆ ఒక్క ఆటో రానీ అని గొణుక్కుంటూ వీధివైపే చూస్తున్నాను.

చివరికి ఆటో మలుపు తిరిగి మెరకెక్కింది. వెనక సీట్లో అత్తగారి తెల్లజుట్టు, పక్కన పిల్లల తలలు కనిపించాయి.

"బురదనీళ్లు! దిగండి!" గొంతు చిరిగేలా అరిచాను.

మేస్త్రీ బస్తా వదిలేసి పరిగెత్తాడు. వెనకే మిగతావాళ్లు. తమ్ముడు మాత్రం కదల్లేదు.

"ఇప్పుడేగా తేటగా ఉన్నాయన్నావు! ఊరికే బెదిరిపోకక్కా. ఇంకో రెండు బస్తాలు పడితే ఈ కన్నం పూడిపోతుంది."

"అబద్ధం చెప్పానురా! నీ కాళ్లు పట్టుకుంటాను, దిగరా!"

"నువ్వా? నాతోనా?" అంటూ ఇంకో బస్తా కోసం వంగాడు.

వాడి కాళ్ల కింద కట్ట కుంగింది.