బుట్ట దించాక

"కంచరగాడిద కుంటుతోంది, నివెస్" అన్నాడు ఓలింతో వంటింటి గుమ్మంలో నిలబడి.

నేను సంకటి కలుపుతున్నాను. మొక్కజొన్న సంకటికి చెయ్యి ఆపితే అడుగంటుతుంది. అందుకే ఇటలీ ఉత్తరపు అంచున మా కార్నియా లోయల్లో మొగుళ్ళు పెళ్ళాలతో చెప్పాల్సిన మాటలన్నీ వాళ్ళ వీపులకే చెబుతారు. నేనూ వెనక్కి తిరగకుండానే "అయితే?" అన్నాను.

"అయితే అంటావేంటి? ఇవాళ పైకి సూప్ ఎలా వెళ్తుంది?"

ఇవాళ అంటే ఆగస్టులో మొదటి ఆదివారం. కొండసైన్యంలో పనిచేసి వచ్చిన మగవాళ్ళంతా ఈక టోపీలు పెట్టుకుని మా బస దగ్గర పొద్దున్నే పోగై, ఇక్కడినుంచి శిఖరానికి ఎక్కుతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మా సైనికులు ఆ రాళ్ళు తొలుచుకుని రెండేళ్ళకు పైగా కూర్చున్న చోటది. రాయి విసిరితే తగిలేంత దూరంలో ఆస్ట్రియా వాళ్ళు కూర్చున్నారు. ఏటా అక్కడ ఫాదర్ గారు ప్రార్థన చేస్తారు, బాకా ఊదుతారు, ఓలింతో ఉపన్యాసం ఇస్తాడు. తర్వాత అందరూ వేడివేడిగా బార్లీ, చిక్కుడు గింజల సూప్ తాగుతారు. అది నేను వండుతాను. కంచరగాడిద మోస్తుంది.

ఇరవై ఏళ్ళ పైనుంచి ఈ బస నడుపుతున్నాం. ఎక్కడెక్కడినుంచో వస్తారు జనం, ఆ కందకాలు చూడ్డానికి, పైనుంచి కనబడే కొండలు చూడ్డానికి. దిగొచ్చి, బల్ల దగ్గర కూర్చుని, నా కొండ గురించి నాకే చెబుతారు. "సముద్రం కూడా కనబడిందమ్మా!" అంటారు. ఆహా అలాగా అని నేను పళ్ళెం పెడతాను. నా కిటికీలోంచి కట్టెల పేర్పు, మరుగుదొడ్డికి వెళ్ళే దారి కనబడతాయి. నేను ఆ శిఖరం ఒక్కసారి కూడా ఎక్కలేదంటే ఎవరూ నమ్మరు. వాళ్ళు బయల్దేరే వేళకి నేను రొట్టెలు కాలుస్తుంటాను, వాళ్ళు దిగే వేళకి కుండ దించుతుంటాను. చలికాలం పని లేదు కదా అంటే అప్పుడు దారే ఉండదు, మంచు. ఒకసారి అడిగాను, నన్నూ తీసుకెళ్ళమని. "పైకొచ్చి ఏం చూస్తావే? రాళ్ళు. ఇక్కడ లేవా రాళ్ళు?" అన్నాడు ఓలింతో. ఆ సాయంత్రమే అతిథులకి ద్రాక్షసారా పోస్తూ, ఆ దృశ్యం చూడనివాడు బతికీ దండగే అన్నాడు. రెండు మాటలూ ఒకే నోటినుంచి వచ్చాయని అతనికి తట్టనేలేదు.

ఇప్పుడతను భోజనాల గది గోడ వైపు చూస్తున్నాడు. అక్కడ ఓర్సోలా బుట్ట వేలాడుతోంది. ఓర్సోలా మా అత్తగారి తల్లి. యుద్ధమప్పుడు మా లోయల్లో ఆడవాళ్ళు అలాంటి బుట్టలు వీపున వేసుకుని ఫిరంగి గుండ్లు, రొట్టెలు కందకాల దాకా మోశారు. ఆ బుట్టలో ఓలింతో ఎండుపూలు గుచ్చి గోడకి తగిలించాడు. వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. అతని ఉపన్యాసంలో మాత్రం ఓర్సోలా ఉండదు. "తిండీ గుండ్లూ వేళ తప్పకుండా అందేవి" అన్న ఒక్క వాక్యం ఉంటుంది, అంతే. ఏటా అద్దం ముందు వల్లె వేస్తుంటే వింటూనే ఉన్నాను.

"పాల క్యానులో పోసి, ఆ బుట్టలో పెట్టుకుంటే నీకో లెక్కా?" అన్నాడు.

"నువ్వు మోయొచ్చుగా."

"నేనా? బుట్టా?" నవ్వేశాడు. నిజంగానే నేను వేళాకోళం ఆడాననుకున్నాడు పాపం. మా వైపు మగవాడు సంచీలో ఎంత బరువైనా ఎత్తుకుంటాడు, ఎత్తుకుని ఊరంతా చెప్పుకుంటాడు. బుట్ట మాత్రం వీపున వెయ్యడు. అది ఆడవాళ్ళది. వేస్తే వాడి పేరే మారిపోతుంది. "ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది నివెస్. ఈక టోపీ పెట్టుకుని వెనకాల బుట్టా?"

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళకి నన్ను శిఖరానికి పిలిచారు, అదీ కంచరగాడిద కుంటితే!

పొయ్యి పక్కన అత్తగారు ఎర్సీలియా కూర్చుని గుడ్డ జోళ్ళు కుడుతోంది. ఎనభై దాటినా సూదిలో దారం తనే ఎక్కిస్తుంది. ఇక ఈవిడ వంతు అనుకున్నాను. పెళ్ళయిన కొత్తనుంచీ ఆవిడ నన్ను వాళ్ళమ్మతో కొడుతూనే ఉంది. నడుం నొప్పంటే, "మా అమ్మ గుండ్లు మోసింది, నువ్వు బిందె మోయలేవూ?" పురిటి మంచం మీద మూలిగితే, "ఓర్సోలా అరిచిందని ఎవరైనా అన్నారా?" చూడని ఆ మనిషి మీద నాకెంత కసి ఉండేదో చెప్పలేను.

ఓలింతో వెళ్ళిపోయాక అత్తగారు లేచింది. బుట్ట కిందికి దింపింది. ఎండుపూలన్నీ గుప్పెళ్ళతో పీకి పొయ్యిలో పారేసింది. పట్టీలు లాగి చూసి, వెన్న రాసి మెత్తబరిచింది. భుజాల దగ్గర పాత ఉన్నిగుడ్డ మడిచి కట్టింది. చివరికి తను కుడుతున్న జోళ్ళు నా ముందు పెట్టింది.

"బూట్లొద్దు. రాతి మీద ఇవే పట్టుంటాయి."

తొడిగి చూస్తే నా పాదాలకి సరిగ్గా సరిపోయాయి. ఆవిడ నా కాలి కొలత ఏనాడూ అడగలేదు.

"ఓ మాట విను. మా అమ్మ ఆ కొండ ఎన్నిసార్లెక్కిందో లెక్కలేదు. పైన ఏముంటుందే అమ్మా అని అడిగితే ఏమనేదో తెలుసా? 'ముందు నడిచేదాని మడమలు' అనేది. అంత బరువేసుకుని తలెత్తేదెలా? దించగానే తెల్లారకముందే దిగిపొమ్మని తరిమేవాళ్ళట. చచ్చేదాకా అటుపక్క ఏముందో చూడలేదు మా అమ్మ. నేనూ చూడలేదు."

"మీరు కూడానా అత్తయ్యా?"

"ఎప్పుడెక్కమంటావే? నీకంటే ముందు ఆ పొయ్యి దగ్గర నిలబడిందెవరు?"

సూప్ క్యాను బుట్టలో పెట్టి వీపున వేసుకున్నాను. ఆవిడ పట్టీ బిగించి, నా భుజం మీద ఒక్క చరుపు చరిచింది.

"పైకెళ్ళాక ముందు బుట్ట దించు. ఎవడేమన్నా గరిటె ముట్టుకోకు. నాలుగు పక్కలా చూడు. బాగా చూడు, వచ్చి నాకు చెప్పాలి."

దారి నిట్టనిలువుగా ఉంది. వేడి క్యాను వీపుని కాలుస్తోంది, పట్టీలు భుజాల్ని కోస్తున్నాయి. తలెత్తుదామంటే బుట్ట వెనక్కి లాగుతోంది. నా ముందు బాకా ఊదే ఫెర్మో నడుస్తున్నాడు. నాకు కనబడింది అతని మడమలే. ఓర్సోలా చూసింది ఇదే కదా అనుకున్నాను. అప్పటిదాకా ఉన్న కసంతా ఆ ఎక్కుడులో ఎక్కడో జారిపోయింది.

"గాడిదే నయం నివెస్, ఇన్నిసార్లు ఆగేది కాదు" అన్నాడు ఫెర్మో.

"అది సూప్ వండేది కూడా కాదులే" అన్నాను. వెనకనుంచి ఎవరో పక్కున నవ్వారు. ఫెర్మో మడమలు గబగబా ముందుకెళ్ళిపోయాయి.

నేను చేరేసరికి ప్రార్థన అయిపోయింది. ఓలింతో రాతి మీద నిలబడి గొంతెత్తి చెబుతున్నాడు. "మంచులోనూ, తూటాల వానలోనూ, తిండీ గుండ్లూ వేళ తప్పకుండా..." అప్పుడే అంచు మీంచి నా తల, నా వెనకే ఓర్సోలా బుట్టా పైకొచ్చాయి. అతను ఆగాడు. ఒక్క క్షణం అతని ముఖంలో ఏదో కదిలింది, నేను చూశాను. వెంటనే సర్దుకుని, "అదిగో, సూప్ వచ్చేసింది!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, సూప్‌కి.

బుట్ట దించాను.

"వడ్డించు నివెస్, చల్లారిపోతుంది."

"ముందు చూడాలి."

"ఏంటి చూసేది?"

"అటువైపు."

"చూద్దువుగానిలే, ముందు అందరికీ..."

"అత్తయ్య చెప్పారు."

మా ఇంట్లో ఆ మాటకి తిరుగు లేదు. నేను గరిటె వాళ్ళకే వదిలేసి కందకం దాటి అటు చివరకి వెళ్ళాను.

కొండల వెనక కొండలు, వాటి వెనక ఇంకా కొండలు, ఆ చివర ఎండలో తెల్లగా మంచు. ఇటు తిరిగితే దక్షిణాన సన్నటి మెరుపుగీత. సముద్రమే. అబద్ధం కాదన్నమాట. కిందికి చూస్తే అప్పట్లో శత్రువులనేవాళ్ళే, ఆ ఆస్ట్రియా వాళ్ళ లోయ. పచ్చిక మధ్య ఒక ఇల్లు, ఇంటి పక్కన తాడు మీద ఆరేసిన తెల్ల దుప్పట్లు. ఆదివారం పూట కూడా ఎవరో ఒకావిడ ఉతికింది. మా వైపు చూస్తే మా బస అగ్గిపెట్టెంత ఉంది. నా కిటికీ కనబడనే లేదు. ఇన్నేళ్ళు నేను అందులో ఉన్నానా అనుకుంటే ఏడుపొచ్చింది. ఓర్సోలా కోసం ఏడ్చాను, అత్తయ్య కోసం ఏడ్చాను, నా కోసం కూడా బాగానే ఏడ్చాను. ఎవరూ పిలవలేదు. వెనకాల మగవాళ్ళు సూప్ ఒలకబోసుకుంటూ, ఒకళ్ళకొకళ్ళు వడ్డించుకుంటున్నారు.

అందరూ దిగడం మొదలుపెట్టాక ఓలింతో వచ్చి పక్కన నిలబడ్డాడు. "పద. బుట్ట ఎత్తుకో" అన్నాడు నెమ్మదిగా.

"నేనింకా ఉంటాను. ఒక్క చూపు చాలలేదు. నాలుగు పక్కలూ మళ్ళీ బాగా చూసి ఆవిడకి చెప్పాలి. వచ్చే ఏడు ఆవిణ్ణే తీసుకొస్తాను, మెల్లగా, ఎంతసేపైనా సరే. ఆ రోజు పొయ్యి ఎవరు చూసుకుంటారో నువ్వు చూసుకో."

"మరి బుట్ట?"

"ఖాళీదేగా, నువ్వు తీసుకెళ్ళు. లేదంటే ఇక్కడే వదిలెయ్. మీ అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో."

నేను తిరగలేదు. ఈసారి నా వీపుతో మాట్లాడ్డానికి అతనికి మాటలు దొరకలేదు. పట్టీలు కీచుమన్నాయి, అడుగుల చప్పుడు దూరమైంది. కాసేపటికి కింద మలుపు దగ్గర కనబడ్డాడు. తలమీద ఈక టోపీ, వీపున వాళ్ళమ్మమ్మ బుట్ట, తలొంచుకుని ఫెర్మో మడమలు చూసుకుంటూ దిగుతున్నాడు.

పైనుంచి అది కూడా చాలా బాగా కనబడింది.