పోస్టమ్మ విల్లు సరిచేసిన రోజు

విళ్ళ కొట్టు గురి మాస్టారుది. ఊళ్ళో పర్మిట్ తీసుకుని వేటకు వెళ్ళేవాళ్ళు ఎవరైనా సరే, సీజన్ ముందు ఆయన గడప తొక్కాల్సిందే. నలభై ఏళ్ళుగా విళ్ళు సరిచేస్తున్న చెయ్యి అది. నారి ఒకసారి మీటి, ఆ మోత విని తేడా ఎక్కడుందో చెప్పేస్తాడని పేరు. ఎవర్నీ మెచ్చుకోడు. తనను మెచ్చుకుంటే వినబడనట్టే ఉంటాడు గానీ, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింటాడని ఇంట్లోవాళ్ళకు తెలుసు.

ఆయన కోడలు పెళ్ళై వచ్చిన కొత్తలో ఊసుపోక బాణాలకు ఈకలు అంటించింది. తర్వాత నారి పేనడం నేర్చుకుంది. ఆరేళ్ళు తిరిగేసరికి వెనక షెడ్డు మొత్తం ఆమె చేతిలోకి వచ్చింది. ఇరవై అడుగుల దూరం, చివర గడ్డిమోపు, మధ్యలో ఓ చెక్క చట్రం. ఆ చట్రానికి కాగితం బిగించి, విల్లు తెచ్చినవాళ్ళ చేతనే దాని గుండా బాణం వేయిస్తుంది. బాణం తిన్నగా పోతే కాగితంలో గుండ్రటి చిల్లు, దాని చుట్టూ మూడు ఈకల గీతలు పడతాయి. తోక ఊపుకుంటూ పోతే కాగితం ఓ పక్కకు బర్రున చిరుగుతుంది. వేటగాళ్ళు ఆమెకు ‘కాగితాల కోడలు’ అని పేరు పెట్టారు. మామగారు వద్దనలేదు, బావుందని కూడా అనలేదు.

ఒకరోజు పొద్దున్నే పోస్టమ్మ వచ్చింది. ఉత్తరాలు పంచే మనిషి. నడకలో గట్టిది, మాటలో ఇంకా గట్టిది. అలాంటిది ఆరోజు కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. విల్లు, ఆరు బాణాలు బల్ల మీద పెట్టింది.

“వీటిని ఎవరికైనా ఇచ్చెయ్యి చెల్లీ. నాకింకొద్దు.”

“అదేంటక్కా? సీజన్ ఇంకా పదిరోజులే కదా!”

పోస్టమ్మ స్టూలు మీద కూలబడింది. పోయిన సీజన్‌లో ఏమైందో అప్పుడు చెప్పింది. ఇరవై అడుగుల్లో దుప్పి నిలబడింది. ఎడమవైపు తల, కుడివైపు తోక, కదలకుండా బొమ్మలా ఉంది. గుండెకు గురిపెట్టి వదిలింది. బాణం జానెడు కుడికి పోయి పొట్టలో దిగింది. దుప్పి పొదల్లో పడి పారిపోయింది. రెండు రోజులు వెతికితే గానీ దొరకలేదు.

“రెండు రోజులు చెల్లీ! ఆ మూగప్రాణి ఎంత నరకం పడిందో. గడ్డిమోపు మీద ఒక్క బాణం తప్పలేదు నాకు. ప్రాణమున్నదాని ముందుకొచ్చేసరికి చెయ్యి తడబడింది. తడబడే చేతికి వేట ఎందుకు?”

కోడలు విల్లు చేతిలోకి తీసుకుంది గానీ పక్కన పెట్టలేదు. “గడ్డిమోపు మీద వేసినప్పుడు బాణం కొసకు ఏ ములికి తొడిగారు?”

“చిన్నది. గుండ్రంగా ఉంటుందే, సాధన చేసేది.”

“వేటకు?”

“వెడల్పాటిది, బరువైనది, రెండంచులది. అవీ ఇక్కడివే.”

“ఇచ్చేసేది ఎలాగూ ఇచ్చేస్తారు. ముందు నా కాగితానికి రెండు బాణాలు బాకీ తీర్చి వెళ్ళండి,” అంది కోడలు. పోస్టమ్మకు నవ్వు రాలేదు గానీ, లేచింది.

చిన్న ములికితో వేసిన బాణం కాగితంలో చక్కటి చిల్లు చేసింది. కోడలు అదే బాణానికి వేట ములికి తొడిగి ఇచ్చింది. ఈసారి బాణం తోక పక్కకు కొట్టి, కాగితం ఎడమవైపుకు వేలెడు పొడుగున చిరిగింది. బాణం వెళ్ళి గడ్డిమోపులో గుర్తుకు కుడిపక్కన, సరిగ్గా జానెడు దూరంలో దిగింది.

“చూశావా? మళ్ళీ తడబడింది,” అంది పోస్టమ్మ.

“ఇంకోటి వెయ్యండి.”

ఇంకోటి, మరోటి వేసింది. మూడూ ఒకదాని పక్కన ఒకటి, కుడివైపే దిగాయి. తడబడే చెయ్యి అయితే బాణాలు తలో దిక్కుకు పోవాలి. ఇవి మాట్లాడుకుని వెళ్ళినట్టు ఒకే చోటుకు పోతున్నాయి.

కోడలికి విషయం అర్థమైంది. బరువు ములికి తొడిగితే బాణం పుల్ల ఎక్కువ వంగుతుంది. ఆ వంపుతో విల్లు దాటేటప్పుడు కుడికి తన్నుకుంటుంది. పుల్లను ఆ బరువుకు తగ్గట్టు పొట్టి చేసుంటే బిగువుగా ఉండి తిన్నగా పోయేది. చిన్న ములికితోనే చూసి, ఇక చాల్లే అని ఇచ్చేశారెవరో. ఎవరో ఏమిటి? నారి మీద కట్టిన ఎర్ర దారం ముడి మామగారిదే. ఊళ్ళో అలా ముడి వేసేవాళ్ళు ఇంకొకరు లేరు.

కిమ్మనకుండా సరిచేసి ఇచ్చేస్తే మామగారి పేరుకు మచ్చ పడదు. కానీ ఈ మనిషి బతికున్నన్నాళ్ళూ తన చేతినే తిట్టుకుంటుంది. ముందుగదిలో ఆయన ఈకలు కత్తిరిస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. కోడలు చిరిగిన కాగితాలు చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

“మామయ్యా, ఒక్కసారి ఇలా వస్తారా?”

ఆయన వచ్చాడు. కాగితాలు చూశాడు. గడ్డిమోపు చూశాడు. విల్లు తీసుకుని, ఎర్రముడి మీద బొటనవేలు ఆనించాడు. ముఖం జేవురించింది. కోడలు తల దించుకుంది. ఇప్పుడు ఏ ఉరుము ఉరుముతాడో అనుకుంది.

“పోస్టమ్మా,” అన్నాడాయన. గొంతు మామూలుగానే ఉంది. “ఆ దుప్పికి బాణం తప్పింది నీ చెయ్యి వల్ల కాదమ్మా. నా తొందర వల్ల. పోయినేడు జనం ఎగబడుతుంటే నీ బాణాలు వేట ములికితో చూడకుండానే ఇచ్చేశాను. నలభై ఏళ్ళలో చెయ్యని పని చేశాను. తప్పు నాది.”

పోస్టమ్మ కుడిచెయ్యి వేళ్ళు ఓసారి ముడిచి, తెరిచి చూసుకుంది. ఇన్నాళ్ళూ అవి ఎవరివో అన్నట్టు.

మామగారు రంపం తీశాడు. పుల్ల కొయ్యడం ఎప్పుడూ ఆయన పనే. ఒకసారి ఎక్కువ కోస్తే మళ్ళీ అతకదు కాబట్టి ఆ పని ఎవరికీ వదలడు. బల్ల దాకా వెళ్ళి ఆగి, రంపం కోడలి చేతిలో పెట్టాడు.

“నువ్వు కొయ్యమ్మాయ్. కనిపెట్టింది నువ్వేగా.”

“మామయ్యా, ఎక్కువ పోతే...”

“పోదు. నీకు తొందర లేదు.”

కోడలు ఒక బాణం ముందుకొస నుంచి గోరంత కోసి, మొన చెక్కి, ములికి తొడిగింది. పోస్టమ్మ వేసింది. చిరుగు సగానికి తగ్గింది. ఇంకో గోరంత. చిరుగు పెసరగింజంత మిగిలింది. మూడోసారికి కోడలి నుదుటి మీద చెమట పట్టింది. ఈసారి గోరులో సగమే కోసింది. పోస్టమ్మ ఊపిరి బిగబట్టి వదిలింది.

కాగితంలో గుండ్రటి చిల్లు, చుట్టూ మూడు గీతలు.

గడ్డిమోపులో బాణం గుర్తు నడిబొడ్డున నిలబడింది. మిగతా అయిదూ అదే కొలతకు కోశారు. ఆరు బాణాలూ ఒక పిడికిట్లో ఇమిడేంత దగ్గరగా దిగాయి. పోస్టమ్మ గడ్డిమోపు దాకా నడిచి, వాటి చుట్టూ పిడికిలి పట్టి చూసింది. వెనక్కి తిరిగినప్పుడు కళ్ళు తడిసి ఉన్నాయి గానీ, భుజాలు నిటారుగా ఉన్నాయి.

“ఇవి నేనెవరికీ ఇవ్వను,” అంది.

సీజన్ మొదలైన రెండో వారం ఆవిడ యూనిఫామ్‌లోనే, ఉత్తరాల సంచితో సహా కొట్టుకొచ్చింది. ఒకే ఒక్క బాణం. దుప్పి ముప్ఫై అడుగులు కూడా పోలేదు. బాధ తెలిసేలోపే ఒరిగిపోయింది. ఆ మాట చెప్తున్నప్పుడు ఆవిడ గొంతు పక్క వెల్డింగ్ షాపు దాకా వినబడింది.

అప్పుడు కొట్టులో ఓ కొత్త వేటగాడు ఉన్నాడు. అతను తన విల్లు మామగారి ముందు పెట్టి, “మాస్టారూ, మీరే స్వయంగా చూడాలి. ఎంత దూరం నుంచి వచ్చానో!” అన్నాడు.

మామగారు ఆ విల్లు తాకనైనా తాకలేదు. “అంత దూరం నుంచి వచ్చావు కాబట్టే చెప్తున్నా. లోపల మా కోడలుంది. నాకంటే బాగా చూస్తుంది. పోస్టమ్మను అడుగు,” అన్నాడు, ఈకలు కత్తిరిస్తూనే.

షెడ్డులో కోడలు ఆ మాట విన్నది. చేతిలో పేనుతున్న నారి మెలికల లెక్క తప్పిపోయింది. దాన్ని విప్పి, మళ్ళీ మొదట్నుంచి పేనడం మొదలుపెట్టింది. “లోపలికి రండి,” అని పిలిచింది. ఆ గొంతులో ఎంత ధీమా ఉందంటే, వేటగాడు చెప్పులు వాకిట్లోనే విడిచి మరీ వెళ్ళాడు.