సందులో చిక్కిన అక్షింత

ఫోటోలో నా పాదాల దగ్గర మళ్లీ తెల్లటి చార పడింది. కొత్త చీపురును తిరగేసి నిలబెట్టినట్టు అంచు దగ్గర సన్నగా మొదలై, పైకి పోయేకొద్దీ విచ్చుకుంది. నాకైతే ముచ్చటగానే ఉంది.

"పారాణికి బదులు వెలుగు పెట్టుకున్నట్టుంది కదండీ!" అన్నాను.

మా ఆయన దామోదర్ నవ్వలేదు. "ఇది లైట్ లీక్ విద్యా. ఏదో సందులోంచి వెలుతురు దూరుతోంది. రేపు ఆంటీ వాళ్ల ఫోటో కూడా ఇలాగే వస్తే? ఆ సందు ఇవాళ దొరక్కపోతే ఫోన్ చేసి, స్టూడియోవాణ్ణి బుక్ చేసుకోమని చెప్పేస్తాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

మర్నాడు పిస్కాటవేలో, ఇక్కడ మాకు పెద్దదిక్కైన కృష్ణమూర్తి గారి షష్టిపూర్తి. ఆయన విజయశ్రీ ఆంటీ మెడలో మళ్లీ తాళి కట్టబోతున్నారు. వాళ్ల మొదటి పెళ్లికి ఫోటోనే లేదు. శ్రావణమాసంలో గోదావరి పొంగి, ఫోటోగ్రాఫరు వాళ్ల లంక గ్రామంలోకి రాలేకపోయాడట. "ఈసారి గోదావరి లేదు, మా దామోదర్ ఉన్నాడు" అని ఆంటీ న్యూజెర్సీలో తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పేశారు. మాకు మాత్రం ఇంకో ముక్క కూడా చెప్పారు: "ఫోటో పాడుచేశారో, ఇద్దరికీ అక్షింతలు పడతాయి!"

మా ఆయన కెమెరా చిన్నాచితకా కెమెరా కాదు. మూడుకాళ్ల స్టాండు మీద, హార్మోనియం తిత్తితో, ముసుగు కప్పుకుని చూసే రకం. ఇందులో రీలు ఉండదు. పోస్టుకార్డంత ఫిల్ము ముక్కను చీకట్లో హోల్డర్ అనే పల్చటి నల్ల చట్రంలో పెట్టాలి. అటొకటి, ఇటొకటి పడతాయి. వాటిని మూసే రేకు పేరు స్లైడు. హోల్డర్‌ని కెమెరా వెనక దోపి, స్లైడు పైకి లాగి, ఫోటో తీసి, స్లైడు మళ్లీ దింపాలి. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంటుకు వచ్చిన వారంలోనే ఇదంతా నేర్చేసుకున్నాను. మందుల కంపెనీలో పనిచేసే మనిషిని చేసుకుంటే వారాంతాల్లో ఇంత వినోదం దొరుకుతుందని నాకెవరూ చెప్పలేదు.

"తిత్తికి చిల్లుందేమోనని టేప్ వేశాను" అన్నారాయన వేళ్లు మడుస్తూ. "చార ఫోటో కింద వస్తోంది కాబట్టి, హోల్డర్ కింది అంచున మడతపడే రేకుకి కూడా కొత్త టేప్ వేశాను. అయినా వస్తోంది. పోనీ ప్రతిసారీ వస్తుందా అంటే, అదీ లేదు."

నేను చార వంక చూస్తూ కూర్చున్నాను. మొదటిసారి ముసుగులో దూరి చూసినప్పుడు సోఫా పైకెక్కి, మా ఆయన తలకిందులుగా కనబడటం, నేను పగలబడి నవ్వడం గుర్తొచ్చాయి.

"ఏమండీ, కెమెరాలో నేను తలకిందులుగా కదా ఉంటాను?"

"అవును."

"అయితే నా పాదాలు హోల్డర్ పైన ఉన్నట్టు. మీరు టేప్ వేసింది నా తలకి!"

ఆయన హోల్డర్ తిరగేసి చూసి, "బీఎస్సీ ఫిజిక్స్ అన్నారు, నేను నమ్మలేదు" అన్నారు.

"పెళ్లిచూపుల్లో పాట పాడమన్నారు గానీ లెన్సుల గురించి అడిగారా?"

దాంతో ఆయనకు ఉత్సాహం వచ్చింది. ఏ ఫిల్ము ఏ హోల్డర్‌లోదో ఇన్నాళ్లూ ఆయన గుర్తు పెట్టలేదు. అందుకే జబ్బు ఎవరిదో తెలియడం లేదు. ఫిల్ము బదులు ఫోటో కాగితం వాడదామన్నారు. అది ఎర్ర దీపం వెలుగులో పాడవదు. ఇద్దరం బాత్‌రూమ్‌లో చేరి, తలుపు కింద తువ్వాలు కుక్కి, ఎర్ర బల్బు వేసుకున్నాం. కాగితాల వెనక పెన్సిల్‌తో అ, ఆ, ఇ, ఈ అని రాశాను. రెండు హోల్డర్ల నాలుగు వైపులా అవే అక్షరాలు అంటించాను. అక్షరాభ్యాసం బాత్‌రూమ్‌లో జరుగుతోందని ఆయన ఏడిపించారు.

ముందు స్లైడులు మూసే ఉంచి, హోల్డర్లను బాల్కనీలో ఎండబెట్టాం. పక్కింటావిడ చూసి పలకరింపుగా చెయ్యి ఊపింది. వడియాలనుకుని ఉండదులెండి, ఆవిడకి వడియాలు తెలియవు. కాగితాలు కడిగితే నాలుగూ తెల్లగా ఉన్నాయి. వెలుతురు తగిలితే కాగితం నల్లబడాలి. అంటే చట్రాలు మంచివే.

రెండోసారి ఒక్కొక్కటీ కెమెరాలో పెట్టి, లెన్సుకు మూత బిగించి, ఎండలో స్లైడు పైకి లాగి కాసేపు ఉంచాం. మళ్లీ బాత్‌రూమ్. అ తెల్లగా ఉంది. తిత్తికి చిల్లు లేదని ఇద్దరం చేతులు కలుపుకున్నాం. తర్వాత 'ఆ' అని రాసిన కాగితం ఫోటో కడిగే మందు నీళ్లలో వేశాం. చూస్తుండగానే అంచు నుంచి నల్లటి చీపురు మొలిచింది.

"దొరికింది!" అని అరిచాను.

ఇ, ఈ కూడా తెల్లగానే వచ్చాయి. దొంగ 'ఆ' వైపు ఒక్కటే.

స్లైడు దూరే సన్నటి సందులో వెలుతురు పోకుండా మెత్తటి నల్ల గుడ్డ ఉంటుంది. స్లైడు పూర్తిగా తీసేసి, టార్చి వేసి చూశాను. గుడ్డ ఒకచోట ఒత్తుకుపోయి, ఏదో అడ్డుపడి ఉంది. నా పక్కపిన్నుతో మెల్లగా లాగాను. టప్పున ఊడి అరచేతిలో పడింది.

పచ్చటి బియ్యపు నూక.

ఆయన దాన్ని వేలితో దొర్లించి చూశారు. "పసుపు..." అన్నారాయన. "అక్షింత!" అన్నాను.

నేను ఇండియా నుంచి వచ్చిన రోజు ఆయన స్లైడులు తీసి, బల్ల మీద హోల్డర్లు దులుపుతూ ఉన్నారు. అంతలో కృష్ణమూర్తి గారూ ఆంటీ వచ్చారు. ఆ బల్ల పక్కనే మా ఇద్దర్నీ వంగబెట్టి, దోసిళ్లతో అక్షింతలు కురిపించారు. తర్వాత స్లైడు దోపినప్పుడు నూక లోపలికి పోయింది.

ఆయన నవ్వి నవ్వి బాత్‌టబ్ అంచు మీద కూలబడ్డారు. "ఫోటో పాడైతే అక్షింతలు పడతాయన్నారు ఆంటీ. అక్షింతలు పడే ఫోటో పాడైంది!"

మళ్లీ టెస్ట్ చేశాం. ఈసారి 'ఆ' కాగితం పాలలా తెల్లగా వచ్చింది. నూకను కుంకుమ భరిణెలో దాచాను.

ఆదివారం ఇల్లు కిటకిటలాడింది. పెద్ద కిటికీ పక్కన పీటలు వేయించి, దామోదర్ కెమెరా నిలబెట్టారు. అప్పుడు తట్టింది నాకు. తాళి కట్టే క్షణంలోనే స్లైడు లాగాలి. అదే క్షణంలో అందరూ అక్షింతలు విసురుతారు! గుమ్మం దగ్గరున్న గొడుగు తెచ్చి విప్పి, కెమెరా మీద పట్టుకున్నాను.

"ఇదేమిటే, ఊరేగింపు దేవుడా అది?" అన్నారు ఆంటీ పీటల మీంచి.

"మీ అక్షింతలకి భయపడుతున్నాం ఆంటీ, తర్వాత చెప్తాను!"

"అంకుల్, మూడో ముడి దగ్గర కదలకండి" అని దామోదర్ ముసుగులోంచి అరిచారు.

"మొదటి పెళ్లిలో కూడా ఇంత టెన్షన్ లేదోయ్" అన్నారు కృష్ణమూర్తి గారు, దారం పట్టుకుని బిగుసుకుపోయి.

"ఆ రోజు పారిపోవడానికి పడవ లేదు. ఇవాళ బయట కారుంది, తొందరగా తియ్యి నాయనా" అన్నారు ఆంటీ. అందరూ నవ్వారు. కృష్ణమూర్తి గారు ఎలాగో నవ్వాపుకున్నారు. గొడుగు మీద అక్షింతలు చిటపటలాడాయి. క్లిక్ మంది.

సాయంత్రం మా బాత్‌రూమ్‌లో, ఎర్ర వెలుగులో, కాగితం మీద ఇద్దరూ మెల్లగా తేలారు. ముందు ఆంటీ పట్టుచీర అంచు, తర్వాత కృష్ణమూర్తి గారి వేళ్లు, ఆ వేళ్ల మధ్య ముడి. పాదాల దగ్గర ఏ చారా లేదు.

మరుసటి వారం ప్రింటు తీసుకెళ్లి, నూక కథ చెప్పి, భరిణె తెరిచి చూపించాం. ఆంటీ పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత ప్రింటును కళ్లకు దగ్గరగా పెట్టుకుని అంగుళం అంగుళం వెతికారు. మళ్లీ చారేమోనని నేను కంగారుపడ్డాను.

"ఇదిగో చూడండి" అని భర్తను పిలిచారు చివరికి. పెద్ద ఫిల్ము కదా, వెంట్రుక కూడా తప్పించుకోదు. ఆంటీ పాపిట్లో, కుంకుమ పక్కనే, ఒక్క బియ్యపు గింజ స్పష్టంగా కూర్చుని ఉంది.

"ఈసారి సరైన చోటే పడిందిలే" అని ఆంటీ నా నెత్తిన చెయ్యి పెట్టారు.