చుక్కి రేటు

మొదట నా చేతిలో ఉన్నవి ఇవి: పులివెందులలో చీనీకాయల, అంటే బత్తాయిల, మండీ, దానికి కాపలాగా చుక్కి అనే తొమ్మిదేళ్ల ఊరకుక్క, ఏ సరుకైనా చూపుతోనే తేల్చగలనన్న నమ్మకం. చుక్కి పొట్ట కింద, రొమ్ముల దగ్గర గడ్డ లేచినప్పుడూ ఆ నమ్మకంతోనే చూశాను. నిమ్మకాయంతే, అదే పోతుందనుకున్నాను. మూడు నెలలకు చీనీకాయంతయి, పగిలి చీము పట్టింది.

"కాయ కుళ్లితే గంటలో ఏరేస్తావు. దీన్ని మాత్రం మూడు నెలలు పెట్టుకున్యావు మామా," అంది నా భార్య నాగలక్ష్మి. చుక్కిని పాలు పట్టి పెంచింది ఆమే. మర్నాడు దాన్ని బొలెరోలో ఎక్కించుకుని ప్రొద్దుటూరు పశువుల ఆసుపత్రికి పోయాను.

డాక్టరు అమూల్యది మా పక్కనే ఉన్న వేముల. గడ్డ తడిమి, రొమ్ము క్యాన్సర్‌లా ఉందంది. నెత్తురు తీసి పంపింది. గాజు పలక మీద పూసి, తెల్లకణాలు వంద లెక్కపెట్టి, ఏ రకం ఎన్నో చూస్తారట. ఇది నాకు వెంటనే ఎక్కింది. గుట్టలోంచి వంద కాయలు తీసి చూస్తే తోట సంగతి తెలియదా?

రిపోర్టు వచ్చాక ఆమె రేషియో అంటూ ఏదో విడమరిచి చెబుతుంటే కాయలు కొనే చెన్నై పార్టీ ఫోన్ చేశాడు. ఫోన్ చెవికి పెట్టుకునే తలాడించాను. నాకు వినపడింది రేటు. అది ఎనిమిదుందట. నా జీవితంలో వేసిన తప్పు లెక్కల్లో అదే పెద్దది.

"చీము తగ్గేదానికి మందులు రాసినా. పది దినాలకు మళ్లీ తీసుకురాన్నా," అందామె.

ఇంటికొచ్చి నాగలక్ష్మికి చెప్పాను: "రేటు ఎనిమిది పలికింది. భయం లేదు."

రెండోసారి నాగలక్ష్మి కూడా వచ్చింది. డాక్టరు రిపోర్టు చూసి, "మూడుకు దిగిందన్నా," అని ఎక్స్‌రే చూడ్డానికి లోపలికి పోయింది. వానల్లో కాయ రాలిన ఏడు కూడా ఇంత పతనం చూడలేదు. రేటు పడిందని నేను చెప్పగానే నాగలక్ష్మి చుక్కిని కావలించుకుని ఏడ్చింది. నేనూ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

డాక్టరు బయటికొచ్చింది. "ఏందన్నా, ఇద్దరూ ఏడుస్తాండారు?"

"రేటు పడిపోయె కదమ్మా."

"ఏం రేటు?"

"చుక్కి రేటు. మొన్న ఎనిమిది, ఈ పొద్దు మూడు."

ఆమె నవ్వాపుకోలేక బల్ల మీద కూర్చుంది. "అది రేటు కాదన్నా, రేషియో. పెరిగితేనే చెడ్డది! తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ ఎక్కువై, గడ్డతో కొట్లాడే లింఫోసైట్లు తగ్గితే ఆ అంకె పెరుగుతాది. చీముకూ పెరుగుతాది, అందుకే ముందు మందులిచ్చినా. ఇదొక్కటే చూసి బతుకుతాదని మాటియ్యలేను. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు కూడా బాగుండాయి. ఆపరేషన్ చేస్తా. ఏడాది గడిస్తే ధైర్యమే."

నాగలక్ష్మి నా వైపు తిరిగింది. "పది దినాలు ఎనిమిది కాస్తా తొమ్మిది కావల్లని మొక్కుకుంటినే! దేవునికి నీకన్నా లెక్కలొచ్చు కాబట్టి సరిపోయె."

ఆపరేషన్ అయింది. గడ్డతో పాటు రెండు రొమ్ములు, చుట్టూ వేలెడు మంచి కండ కూడా కోశానంది డాక్టరు.

"మేం రైతు దగ్గర టన్నుకు ఇన్ని కాయలని ఊరికే పైన సూట్ తీసుకున్నట్టు," అన్నాను.

"మా నాయన చీనీ రైతన్నా. మీ సూట్ దెబ్బ మా ఇంట్లో అందరికీ తెల్సు. నేను కారణముండి కోసినా."



ఇప్పుడు మార్కెట్లో ధర పడి నేను తల పట్టుకుని ఇంటికొస్తే, "శానా మంచిది, చుక్కికి చెప్పుపో," అంటుంది నాగలక్ష్మి. పోయినవి ఒక గడ్డ, రెండు రొమ్ములు, అంకె పెద్దదైతే మేలన్న నా గుడ్డి నమ్మకం. చేతికొచ్చింది డాక్టరు అడిగిన ఏడాది. దాని మీద రెండు నెలలు గడిచాయి. అవి సూట్.