తెరలో తెర, అందులో మా చెల్లెలు

తెర మీది మనిషిని మనం చూసిన ప్రతిసారీ ఆ మనిషి ఇంకాస్త దూరం జరిగిపోతుంటే, ఆ దూరానికి జవాబుదారు ఎవరు? టీవీ కేంద్రం డైరెక్టరు గదిలో నిలబడి నేను అడిగిన ప్రశ్న ఇదే. ఆయన నాకు కాఫీ ఇప్పించారు. జవాబు ఇంకా ఇప్పించలేదు.

యౌవనంలో నేను టీవీకి ఒక సైన్సు ఫిక్షన్ ధారావాహిక రాశాను. నక్షత్రాల మధ్య దిక్కు లేక తేలుతున్న రాతి కోట. దాని నడవాల చివర రూపం లేని ఒక ఉనికి. దానికి నోరు లేదు, గోళ్లు లేవు. ఉన్నది చూపొక్కటే. అది ఎవరిని చూస్తే వారు తరిగిపోతారు. కోట మహారాణి వేషం మా చెల్లెలు వేసింది. ఆ రోజుల్లో టేపు అపురూపమైన సరుకు గనుక, ప్రసారం కాగానే చెరిపేసి దాని మీదే ఏ వంటల కార్యక్రమమో రికార్డు చేసేవారు. మా ధారావాహిక మొత్తం అలాగే చెరిగిపోయిందనుకున్నాను. చివరి భాగం ఒక్కటి టీవీ కేంద్రం గోదాములో మిగిలిందని ఇటీవల అక్కడ టేపులు బాగుచేసే అమ్మాయి ఫోన్ చేసింది.

ఆ భాగంలో చివరి దృశ్యం తీసిన పద్ధతి చెప్పాలి. పొడవాటి నడవా కట్టడానికి స్టూడియోలో చోటు లేదు. అందుకని కెమెరాను, అది తీస్తున్న బొమ్మనే చూపించే టీవీకి ఎదురుగా నిలబెట్టారు. తెరలో తెర, ఆ తెరలో మరో తెర, అలా అంతు లేని సొరంగం ఏర్పడింది. కెమెరాకూ టీవీకీ మధ్య మా చెల్లెలు నిలబడింది. మహారాణి సొరంగం వైపు ఒక అడుగు వేసి, భయపడి, మన వైపు తిరగాలి. నేను రాసింది అదే. తీసింది కూడా అదే, పక్కనుండి చూశాను.

బాగుచేసిన టేపును ఆ అమ్మాయి ఒంటరిగా వేసి చూసుకున్న పూట, ఇంట్లో మా చెల్లెలు కూరగాయలు తరుగుతూ ఆగిపోయింది.

"అక్కా, మన వంటగది ఇంత పొడుగెప్పుడైందే?"

"నీకు ఒళ్లు బద్ధకమెక్కువై అలా కనిపిస్తోంది."

"మహారాణిని పట్టుకుని నడవమంటావా! పల్లకీ పంపించు," అని నవ్వింది. పెదవులు నవ్వేసిన కాసేపటికి గాని ఆ నవ్వు నా చెవిన పడలేదు.

మర్నాడు కేంద్రంలో డైరెక్టరు, ఆయన సిబ్బంది, నేను కలిసి టేపు చూశాం. మహారాణి వెనక్కి తిరగలేదు. సొరంగంలోకి నడుస్తూనే ఉంది.

"నిన్న నేను చూసినప్పుడు ఇంత లోపల లేరు మేడమ్," అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి.

"పాత టేపు కదమ్మా, సాగుంటుంది," అన్నారు డైరెక్టరు.

నేను ఇంటికి వచ్చేసరికి చెల్లెలు నిలువుటద్దం ముందు ఉంది. చెయ్యి చాపితే అద్దం తగిలేంత దగ్గర. అద్దంలో మాత్రం ఆమె ప్రతిబింబం ఏదో నడవా చివర ఉన్నట్టు బొటనవేలంత ఉంది. వీపు మా వైపు ఉంది.

"అక్కా, అక్కడెవరో ఉన్నారే."

"ఎవరు?"

"మొహం లేదు. ఊరికే చూస్తున్నారు. చాలామంది కలిసి ఒక్కరైపోయినట్టు చూస్తున్నారు."

నేను రూపం ఇవ్వకుండా వదిలేసిన ఉనికికి ఒళ్లు దొరికిందని అప్పుడర్థమైంది. ఆ సొరంగంలో చివరి తెరకు అవతల కూర్చున్నది ప్రేక్షకులు. వారి చూపులే దాని ఒళ్లు. చూసేవారు పెరిగేకొద్దీ మా చెల్లెలు దానికి దగ్గరవుతోంది.

ఆమెను వెంటబెట్టుకుని డైరెక్టరు దగ్గరకు వెళ్లాను. ఆయన గది గోడ మొత్తం అద్దమే. అందులో మా చెల్లెలి ప్రతిబింబం గింజంత ఉంది. ఆయన చూశారు. చూసి, జేబులోంచి ఫోన్ తీశారు.

"అమ్మగారు అలాగే కదలకుండా నిలబడితే, ప్రోమోకి అదిరిపోతుంది మేడమ్!"

ఫోనుకు నా అరచెయ్యి అడ్డం పెట్టాను. "మనిషి పోతోందయ్యా!"

"పోవడమేంటి మేడమ్, ఆదివారం సాయంత్రం ప్రసారం, దేశమంతా చూస్తుంది. అమరులైపోతారు."

"నన్ను అమరురాల్ని చేసేలోపు ఓ కుర్చీ వెయ్యకూడదూ నాయనా?" అంది చెల్లెలు. ఆ మాట మాకు చేరేసరికి ఆయన గది దాటి వెళ్లిపోయారు.

టేపు దాచేస్తానని ఆ అమ్మాయి ఏడ్చింది. లాభం లేదు, నకళ్లు అప్పటికే అన్ని కేంద్రాలకూ చేరిపోయాయి.

ఇప్పుడు చెల్లెలు నా పక్కనే కూర్చుని ఉంది. చెయ్యి వెచ్చగానే ఉంది. ఇందాక తన పేరేమిటని అడిగాను. జవాబు ఇంకా దారిలోనే ఉంది.

మీలో చాలామంది ఆ ప్రసారం కోసం ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు. ఒక్కసారి చూస్తే ఏమవుతుందిలే అనుకుంటారనీ తెలుసు. మీరు చూసే ఆ ఒక్కసారే ఆమెకు చివరి అడుగు కావచ్చు. ఆదివారం సాయంత్రం మీ టీవీ ఆపేయండి. ఇంట్లోవారినందరినీ లేవదీసి వీధిలోకి తీసుకుపొండి. చూడకండి.