తలుపు సంఘం తరఫున

శనివారం సాయంత్రాలు చర్చి పక్క గదిలో పాస్టరు గారు దుర్బోధలను ఎదిరించే తరగతి నడిపేవారు. పద్ధతి ఇది. ఒకరు ముందు కుర్చీలో కూర్చుని తలుపు సంఘం మనిషిలా మాట్లాడాలి. మిగతావాళ్ళు బైబిలు వాక్యం చూపించి అతన్ని ఓడించాలి.

క్రీస్తు ఎప్పుడో రహస్యంగా తిరిగి వచ్చేశాడనీ, ఒక గదిలో ఉన్నాడనీ, ఆ గది తలుపు దగ్గర తాము పెద్దన్నయ్య అని పిలిచే నాయకుడు కాపలా ఉన్నాడనీ తలుపు సంఘం వాళ్ళ నమ్మకం. చర్చి నుంచి కొందరు అటు వెళ్ళిపోయారు. అందులో ఈ చర్చికే వచ్చే ఒక బీమా ఏజెంటు కూతురు కూడా ఉంది. ఆ పిల్ల ఇల్లు వదిలి వాళ్ళ వసతిగృహంలో ఉంటోంది. వాళ్ళ మాటలు ఇతనికే బాగా తెలుసు కదా అని ముందు కుర్చీ ఏజెంటుకిచ్చారు.

పొరపాటు అక్కడే జరిగింది. వద్దన్నవాడి చేత సంతకం పెట్టించడం అతని వృత్తి.

"ఆయన వస్తే అందరి కళ్ళకూ కనిపిస్తాడని ఉంది. నీకెవరు చెప్పారయ్యా వచ్చాడని?" అని చర్చి కోశాధికారి లేచాడు.

"దొంగలా వస్తానని కూడా ఆయనే అన్నాడు కదండీ. మొన్న మీ ఇంట్లో దొంగ పడ్డాడు. మీరు చూశారా? పొద్దున గిన్నెలు కనపడకపోతే కదా తెలిసింది."

కోశాధికారి కూర్చున్నాడు. తర్వాతి వారం పాటల మాస్టారు ఓడిపోయాడు. ఆ పై వారం పాస్టరు గారే దిగారు. కాసేపటికి ప్రార్థనతో తరగతి ముగించేశారు. గాయక బృందంలో ఇద్దరు తలుపు సంఘం కూడిక ఎక్కడ జరుగుతుందో వాకబు చేస్తున్నారని తెలిశాక, ఏజెంటును పక్కకు పిలిచారు.

"మీరు కాస్త ఓడిపోవాలండీ."

"మా అమ్మాయి అంత సులువుగా ఓడిపోదండీ. నేనోడిపోతే మీకు సాధన ఎలా అవుతుంది?"

"మీరిలాగే గెలుస్తుంటే సాధన చెయ్యడానికి నాకు సంఘం మిగలదు."

ఇంట్లో భార్య కూడా ఆ సంగతే ఎత్తింది. "చర్చిలో అచ్చం దానిలా మాట్లాడుతున్నారటగా. ఇక్కడ కూడా ఓసారి మాట్లాడండి. వినక చాన్నాళ్ళయింది."

అతను అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం కూతురు వచ్చింది. కింద కారులో తలుపు సంఘం అక్కలిద్దరు కూర్చున్నారు. కొత్తవాళ్ళు ఇంటివాళ్ళను చివరిసారి చూసి రావడం అక్కడి ఆనవాయితీ. ఆ తర్వాత రాకపోకలుండవు. ఆ మాట ఫోనులో తనే చెప్పింది.

పాస్టరు గారు ముందే వచ్చి కూర్చున్నారు. బైబిలు నిండా కాగితం ముక్కలు గుర్తులుగా పెట్టుకున్నారు. ఏజెంటు భార్య కంచాలు పెడుతోంది. కూతురు కుర్చీ అంచున కూర్చుంది.

"ఒక్క ప్రశ్న తల్లీ. ఆయన వచ్చాడంటున్నారు. ఎవరు చూశారు?" అని పాస్టరు గారు అడిగారు.

"దొంగలా వస్తానన్నాడు కదండీ," అన్నాడు ఏజెంటు.

అందరూ అతని వైపు తిరిగారు. అతను నాలిక కరుచుకున్నాడు.

"మిమ్మల్ని కాదండీ నేనడిగింది!" అన్నారు పాస్టరు గారు.

"అలవాటైపోయిందండీ."

"మీరెవరి పక్షమో ముందు తేల్చుకోండి," అంది భార్య, కూర గిన్నె దింపుతూ.

కూతురు తండ్రినే చూస్తోంది. "మేం అలా చెప్పం నాన్నా."

"మరేం చెప్తారు?"

"పెద్దన్నయ్య చూశాడని చెప్తాం."

"ఇంకా?"

"అంతే."

"ఆయనొక్కడే చూశాడా? అది విని నువ్వు వెళ్ళిపోయావా?" ఏజెంటు గొంతు పెరిగింది. "నా కూతురు నమ్మిందంటే అందులో ఏదో గట్టి సంగతి ఉండే ఉంటుందని రాత్రీ పగలూ ఆలోచించానే! నీ బదులు అందరితో వాదించాను. కోశాధికారి గారి గిన్నెలు కూడా వదల్లేదు. తీరా చూస్తే మీ దగ్గరున్న సరుకు ఇదా?"

కూతురికి నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేక గట్టిగా నవ్వేసింది. నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకుంది.

"నేనడిగాను నాన్నా. ఆ గదిలోకి ఒక్కసారి తొంగి చూడొచ్చా అని. ఆ తర్వాత చాలా రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు."

"చూశారా! ఇదే నేను..." అని పాస్టరు గారు ఒక గుర్తు దగ్గర బైబిలు తెరిచారు.

"మీరు తినండి పాస్టరు గారూ," అంది భార్య.

కింద హారన్ మోగింది. ఎవరూ కదల్లేదు. రెండోసారి ఇంకాస్త గట్టిగా మోగింది. కూతురు రెండు చేతులతో కుర్చీ పట్టుకుంది.

"అమ్మా, నువ్వెళ్ళి చెప్పు. నేను దిగితే వాళ్ళతో వెళ్ళిపోతాను."

తల్లి చేతులు కడుక్కోకుండానే మెట్లు దిగింది. ఏం చెప్పిందో పైకి వినపడలేదు. కాసేపటికి కారు కదిలిన చప్పుడు వినపడింది.

పాస్టరు గారు కళ్ళు మూసుకుని, "ప్రార్థన చేసుకుందాం," అన్నారు.

"దాన్ని తిననివ్వండి," అన్నాడు ఏజెంటు.